బొంత కుట్టిన చేతులకు కూలెంత?

మీ బీరువాలో కట్టే చీరలెన్ని, కట్టని చీరలెన్ని? ఎప్పుడైనా లెక్క చూసుకున్నారా? పెళ్ళిళ్ళలో పెట్టినవి, పండక్కి కొన్నవి, రంగు నచ్చక మడత విప్పనివి, అంచు చిరిగినవి... కట్టుకోలేం, పారేయలేం. బీరువా నిండితే ట్రంకు పెట్టె, పెట్టె నిండితే సజ్జ, సజ్జ కూడా నిండితే మంచం కింద మూటలు! ఏ ఇంట్లో చూసినా ఇదే వరస.

రాజన్న సిరిసిల్ల జిల్లా కోనరావుపేటలో మాది చిన్న ఇల్లు. ముందు గదిలో కుట్టుమిషన్, వెనకాల నాలుగు మంచాలు పట్టేంత పెరడు. జాకెట్లు, ఫాల్స్, బడిపిల్లల డ్రెస్సులు కుట్టడం నా బతుకుతెరువు. పగటి భోజనాలయ్యాక మాత్రం మిషన్ మూసేసి బొంత ముందేసుకుంటాను. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి చేత్తో కుట్టే బొంత మన ఇళ్ళల్లో ఎవరికి తెలియదు? మనం పుట్టగానే మనల్ని పడుకోబెట్టింది దాని మీదే కదా!

కుట్టుపని, పెరడు, ఇల్లు సర్దుకోవడం... ఈ మూడూ వేరువేరు పనులని అందరూ అనుకుంటారు. ఇరవయ్యేళ్ళుగా చేస్తున్న నాకు మాత్రం మూడూ ఒకటే పనిలా కనిపిస్తాయి. ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి, తీసిందాన్ని ఎక్కడ పెట్టాలి? మూడు చోట్లా ఇదే ప్రశ్న.

పొద్దు పొడిచింది మొదలు...

పొద్దున్నే అయిదింటికి లేస్తాను. వాకిలి ఊడ్చి, సాన్పి చల్లి, ముగ్గు వేసేసరికి తెల్లవారుతుంది. తర్వాత గంటసేపు పెరట్లోనే. వానాకాలం మొదట్లో చిక్కుడు, బీర, సొర పాదులు పెడతాను. పుంటికూర, బచ్చలి ఏడాదిలో ఎక్కువ రోజులు ఉంటాయి. గోడవారన నాలుగు మిరప చెట్లు, రెండు వంగ చెట్లు. బతుకమ్మ నాటికి పూత కొచ్చేలా బంతినారు పోస్తాను. గునుగు, తంగేడు చేలగట్ల మీద దొరుకుతాయి గానీ, పండగ రోజుల్లో బంతిపూలు కొనాలంటే ధర మండిపోతుంది. తొమ్మిది రోజులూ పేర్చాలి కదా!

మా పక్క ఊళ్ళల్లో ఇప్పుడు పెరడు పెంచడమంటే కోతులతో పోటీ పడటమే. టమాటా పండిందంటే మనకంటే ముందు వాటికే తెలుస్తుంది. జామకాయ చూడ్డానికే. ఆకుకూరల జోలికి మాత్రం మా పెరట్లో పెద్దగా రావు. అందుకని టమాటా తగ్గించి ఆకుకూరలు పెంచాను. చేతికి రాని పంట మీద బెంగ పెట్టుకోవడం కన్నా, వచ్చేదానికి చోటివ్వడం మేలు కదా!

ఎనిమిదిన్నరకు వంట, పిల్లల బాక్సులు అయిపోతాయి. పన్నెండున్నర దాకా మిషన్. భోజనం చేసి గిన్నెలు కడిగి, రెండింటికి బొంత. ఎండాకాలమైతే వేపచెట్టు కింద ఇరుగుపొరుగు ఇద్దరు ముగ్గురు వచ్చి కూర్చుంటారు. ఒకామె చేట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతుంది. మా సిరిసిల్ల వైపు ఆడవాళ్ళకు అది పెద్ద ఆధరువు. ఇంకొకామె చింతపండు గింజ తీస్తుంది. నేను వంగి కుట్టు వేస్తుంటాను. మాటలు సాగుతుంటే కుట్లూ సాగిపోతాయి. నాలుగున్నరకు టీ నీళ్ళు పెట్టే వేళకు పోగు తెంపి లేస్తాను.

అత్తమ్మ పెట్టె

రెండేళ్ళ కిందట మా అత్తమ్మ పోయింది. ఆమె చీరల పెట్టె ఉండిపోయింది. ఇనప ట్రంకు పెట్టె, నిండా నూలు చీరలు. మొత్తం పద్దెనిమిది. ఏడాది దాకా ఎవరమూ దాని మూత తీయలేదు.

మా పాప పదో తరగతికి వచ్చింది. రాసుకునే బల్ల వేయడానికి చోటు లేదు. ఇంట్లో వెలుతురుండే మూల ఒక్కటే, కిటికీ పక్కన. ఆ మూలనే అత్తమ్మ పెట్టె.

"అమ్మా, గీ పెట్టె తీస్తే నా బల్ల పడ్తదే" అంది పాప.

"మా అవ్వది గదా, ఉండనియ్యరాదు" అన్నాడు మా ఆయన.

చిన్న ఆడబిడ్డ ఫోన్లో, "వదినె, అవ్వ చీరెలు ఎవ్వలకు ఇయ్యకు. ఎట్లున్నయి అట్లనే ఉంచు" అంది.

స్టీలు సామాన్ల గంప నెత్తిన పెట్టుకుని వచ్చే ఆవిడ పెట్టెలోకి తొంగి చూసి, ఏడు చీరలకు ఒక టిఫిన్ డబ్బా ఇస్తానంది. డబ్బా బాగానే ఉంది. కానీ మనసొప్పలేదు.

ఎవరి మాట తీసెయ్యాలి? పాప మాటలో న్యాయముంది. ఆడబిడ్డ మాటలో బాధ ఉంది. ఇల్లు సర్దుకోవడమనగానే పత్రికల్లో చిట్కాలు చాలానే వస్తాయి. జపాన్‌కు చెందిన మేరీ కోండో 2011లో దీని మీద రాసిన పుస్తకం ఎన్నో భాషల్లోకి వెళ్ళింది. ఒక్కో వస్తువునూ చేతిలోకి తీసుకోవాలి, మనసుకు సంతోషమిస్తే ఉంచుకోవాలి, లేకపోతే దానికి కృతజ్ఞత చెప్పి సాగనంపాలి అన్నది ఆమె పద్ధతి. చాలా వస్తువుల విషయంలో మంచి సలహానే. కానీ పోయినామె చీర చేతిలోకి తీసుకుంటే ముందొచ్చేది ఏడుపు. అలాగని దాన్ని సాగనంపగలమా?

ఇలాంటి వాటికి మన పెద్దవాళ్ళు ఎప్పుడో దారి చూపించారు. ఆ దారి పేరు బొంత.

ఆడబిడ్డలిద్దరినీ పిలిపించాను. ముగ్గురం కూర్చుని పెట్టె విప్పాం. ఒక్కో చీర ఎప్పటిదో, ఎవరు పెట్టిందో చెప్పుకున్నాం. బాగున్న మూడు చీరలను ముగ్గురం తలొకటి తీసుకున్నాం. మరీ పీలికలైన మూడు చీరలు మసిగుడ్డలకు పోయాయి. మిగిలిన పన్నెండు చీరలతో ఆరు బొంతలు కుట్టాను. ఆడబిడ్డలకు ఒక్కోటి, మరిది ఇంటికి ఒకటి, మాకు రెండు, పెద్ద ఆడబిడ్డ కూతురి పురిటికి ఒకటి. మాఘమాసంలో మొదలుపెడితే వైశాఖం చివరికి అయ్యాయి.

చిన్న ఆడబిడ్డ తన బొంత విప్పి, పైపొర నిమిరి, "ఇది నేను బీడీల పైసలతోని అవ్వకు తెచ్చిన మొదటి చీరె" అంది. పెట్టెలో ఉన్నన్నాళ్ళూ ఆ చీర ఎవరి కంటా పడలేదు. ఇప్పుడు రోజూ రాత్రి ఆమె భుజం మీద ఉంటోంది.

పెట్టె సంగతా? అడుగున తుప్పు పట్టింది. మేకుతో నాలుగు బొక్కలు కొట్టి, ఎండుటాకులు, పశువుల ఎరువు, మట్టి పోసి పెరట్లో పెట్టాను. ఇప్పుడు అందులో కొత్తిమీర, పుదీన పెరుగుతున్నాయి. కిటికీ పక్కన పాప బల్ల పడింది.

రెండు చీరలు, ఆరు పొరలు

బొంత లెక్క చాలా తేలిక. మామూలు చీర పొడుగు అయిదున్నర మీటర్లు. దాన్ని మూడు మడతలు వేస్తే ఒక్కో మడత ఆరడుగులు వస్తుంది. పన్నా ఎలాగూ నాలుగడుగులకు కాస్త తక్కువ. అంటే ఒక మనిషి పడుకునే కొలత! ఒక చీరకు మూడు పొరలు, రెండు చీరలకు ఆరు పొరలు. పాతకాలం అవ్వలు గోచీ పెట్టి కట్టే పెద్ద చీరైతే నాలుగు మడతలు వచ్చి ఇంకా ముక్క మిగులుతుంది. ఇద్దరు పడుకునే బొంతకు పన్నా పక్కన పన్నా కలపాలి కాబట్టి నాలుగు చీరలు కావాలి.

ఇదంతా నూలు చీరల మాట. ఇప్పుడొచ్చిన చిక్కు ఏమిటంటే, పాత చీరల మూటలు విప్పితే నూలు చీర కనబడటమే అరుదైపోయింది. అన్నీ పాలిస్టరే. మేముండేది మరమగ్గాల సిరిసిల్ల పక్కన. అక్కడ మగ్గాల మీద నడిచేది ఎక్కువగా పాలిస్టరే. 2017లో మొదలై కొన్నేళ్ళపాటు బతుకమ్మ పండక్కి ప్రభుత్వం పంచిన చీరల్లో చాలావరకు ఇక్కడ నేసినవే. ఆ పనితో ఎన్నో ఇళ్ళల్లో పొయ్యి వెలిగింది. పాలిస్టర్ చీర ఉతకడం తేలిక, ఇస్త్రీ అక్కర్లేదు, ధర తక్కువ. రోజంతా పనిచేసే ఆడమనిషికి అది చేసే మేలు చిన్నది కాదు.

కానీ బొంతకు పనికిరాదు. ఎందుకంటారా? మామూలు గాలిలో ఉన్నప్పుడు నూరు గ్రాముల పొడి నూలు ఎనిమిదిన్నర గ్రాముల దాకా తేమ పీల్చుకుంటుంది. పాలిస్టర్ అర గ్రాము కూడా పీల్చుకోదు. పసిపిల్ల పక్క తడిపితే, పెద్దవాళ్ళకు చెమట పోస్తే నూలు తాగేస్తుంది. పాలిస్టర్ మీద తడి తడిగానే ఉంటుంది. పొరలు ఒకదాని మీద ఒకటి నిలవకుండా జారిపోతాయి. నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. చలి కాచుకునే కుంపటి దగ్గర అది ఎంత ప్రమాదం!

అయినా పాలిస్టర్ చీరకూ ఒక చోటుంది. మా వైపు చేల చుట్టూ ఎప్పుడైనా చూశారా? అడవిపందులు రాకుండా కట్టెలు పాతి, వాటికి పాత చీరలు వరసగా కడతారు. ఎర్రవి, పచ్చవి, నీలివి... దూరం నుంచి చూస్తే చేలో జాతర జరుగుతున్నట్టుంటుంది. వానకు తడిసినా, ఎండకు ఎండినా పాలిస్టర్ తొందరగా చివకదు. నూలు చీర మట్టిలో కలిసిపోతుంది, పాలిస్టర్ చీర కలవదు. అందుకే నూలు పీలికలను పెరట్లో ఎరువు గుంతలో వేస్తాను, పాలిస్టర్ పీలికలతో పాదులకు పందిరి కడతాను. రెండూ కలిపి ఒకే కుప్పలో వేస్తే పెరడు పాడవుతుంది.

'పొద్దుపోక కుట్టేదే కదా!'

ఇక అసలు సంగతికొస్తాను.

పోయిన చలికాలం పట్నం నుంచి బంధువుల ఇంటికొచ్చిన ఒకావిడ నా బొంతలు చూసి ముచ్చటపడింది. ఒకటి కావాలంది. ఎంతివ్వమంటావని అడిగి, నేను నోరు తెరిచే లోపే తనే, "మూడు వందలిస్తాలే. పాత బట్టలే కదా, పొద్దుపోక కుట్టేదే కదా!" అంది.

నేనేమీ అనలేదు. బొంత మాత్రం ఇవ్వలేదు. పక్కనే కూర్చున్న మా వాడకట్టు అవ్వ ఊరుకోలేదు. ఆమెకు డెబ్బై అయిదేళ్ళు ఉంటాయి. "పొద్దుపోక ఎవ్వలు కుట్టిండ్రు బిడ్డా? పగలంత పొలంల పనిచేసి, పొద్దు చాలకనే రాత్రి బుడ్డి దీపం కాడ కుట్టిన. పొద్దుపోకపోతే పండుకోనా?" అంది.

ఆ మాట నన్ను పట్టుకుంది. తర్వాతి బొంతకు గడియారం పెట్టుకుని కూర్చున్నాను. వేలెడు సందుతో ఒక వరస, దాని పక్కన ఇంకో వరస. మొత్తం యాభై ఆరు వరసలు వచ్చాయి. ఒక్కో వరస ఆరడుగులు. అంటే ఒక బొంతలో నేను వేసే కుట్టు నూరు మీటర్లు దాటుతుంది! ఆరు పొరల్లోంచి సూది దూరాలి కాబట్టి వరసకు ఇరవై నిమిషాలు పట్టింది. కూడితే పద్దెనిమిది గంటల నలభై నిమిషాలు. ఉతకడం, ఎండబెట్టడం, పరవడం, కచ్చా కుట్టు వేయడం ఇందులో కలపలేదు.

ఇప్పుడు కూలి కట్టి చూడండి. తెలంగాణలో 2025-26 సంవత్సరానికి ఉపాధి హామీ పనికి రోజు కూలి 307 రూపాయలని నిర్ణయించారు. రోజుకు ఎనిమిది గంటల లెక్కన నా బొంతలో ఉన్నది రెండు రోజులకు పైగా పని. కూలే ఏడు వందలు దాటుతుంది. దారం, సూది, నడుం నొప్పి, కళ్ళ మంట అదనం. పాత బట్టకు ధర లేదంటే సరే, ఒప్పుకుందాం. పనికి కూడా ధర లేదంటే ఎలా?

బజారులో దొరికే మిషన్ బ్లాంకెట్ తక్కువకే వస్తుంది, నిజమే. దానితో నేను పోటీ పడను. ఎవరి అవసరం వాళ్ళది. కానీ చేత్తో కుట్టిందాన్ని చేతులెత్తి మెచ్చుకుంటూనే, ధర దగ్గరకొచ్చేసరికి 'పాత బట్ట' చేసేస్తారే, అదే నాకు మింగుడుపడదు.

అప్పటి నుంచి నా పద్ధతి మార్చాను. బట్ట వాళ్ళది, కుట్టు నాది అయితే ఒక మనిషి బొంతకు ఎనిమిది వందలు. ముందే చెప్తాను. కొందరు వెళ్ళిపోతారు. కొందరు అత్తదో అమ్మదో చీరల మూట తెచ్చి ఇచ్చి వెళ్తారు. ఊరూరా తిరిగి బొంతలు కుట్టే సంచార కులాల ఆడవాళ్ళు మా ఊరికీ వస్తారు. వాళ్ళకు నేనొకటే చెప్పాను, "అక్కా, చీరెకు కాదు, రోజుకింత అని అడుగు" అని.

మనలాంటి వాళ్ళే, లోకమంతా

బొంత మన ఊళ్ళకే పరిమితం కాదు. బెంగాల్లో దీన్నే కాంథా అంటారు. మన పాత పుస్తకాల్లో సన్యాసులు కప్పుకునే 'కంథ' అన్న మాటా ఇదీ ఒకటే. పాత చీరలను పొరలుగా పేర్చి, వాటి మీద పూలు, చేపలు, ఏనుగులు కుట్టే కాంథా పనికి ఈనాడు ప్రపంచమంతటా పేరుంది. ఇంటి అవసరం కోసం పుట్టిన ఆ కుట్టుపనికి పశ్చిమ బెంగాల్‌కు చెందిన ప్రీతికణా గోస్వామి 2023లో పద్మశ్రీ అందుకున్నారు.

కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీలు ఉన్నారు. ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చినవారి సంతతి. వాళ్ళ ఆడవాళ్ళు కుట్టే బొంతను కవంది అంటారు. అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకు వస్తారు. నాలుగు మూలలా మడిచిన చిన్న గుడ్డ ముక్కలు కుడతారు. వాటిని పూలు అంటారు. పూలు లేని బొంత వాళ్ళకు బోసిగా ఉన్నట్టే లెక్క. మహారాష్ట్రలో గోధడి, ఉత్తర కర్ణాటకలో కౌది. పేరు మారినా చీరలు పాతవే, చేతులు ఆడవాళ్ళవే. సుధామూర్తి 2017లో వెలువరించిన పుస్తకానికి 'మూడు వేల కుట్లు' అని అర్థం వచ్చే పేరు పెట్టడానికి కారణం కూడా ఒక బొంతే. దేవదాసీ వృత్తి నుంచి బయటపడిన స్త్రీలు తలా ఒక కుట్టు వేసి ఆమెకు కానుకగా ఇచ్చిన బొంత అది.

ఇంకో కథ అమెరికాది. అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అని నది వంపులో ఒక పల్లె. పత్తి తోటల్లో బానిసలుగా పనిచేసినవారి వారసులు అక్కడుంటారు. చలికి తట్టుకోవడానికి అక్కడి నల్లజాతి ఆడవాళ్ళు పాత పని బట్టలతో బొంతలు కుట్టుకునేవారు. 1966లో ఆ ప్రాంతపు ఆడవాళ్ళు బొంతలు అమ్ముకోవడానికి సహకార సంఘం పెట్టుకున్నారు. 2002లో వాళ్ళ బొంతలను హ్యూస్టన్‌లోని కళా మ్యూజియంలో, తర్వాత న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో గోడలకు వేలాడదీసి ప్రదర్శించారు. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి మీద స్టాంపులు కూడా వేసింది.

చూశారా! కప్పుకోవడానికి కుట్టింది గోడకెక్కింది. మన బొంతలు మ్యూజియం దాకా వెళ్ళాలని నా ఆశ కాదు. కుట్టినామె పేరు, ఆమె కూలి... ఈ రెండూ ఆమెకు దక్కితే చాలు.

మీరూ మొదలుపెట్టాలనుకుంటే...

* ఇల్లంతా ఒక్కరోజులో ముందేసుకోకండి. వారానికి బీరువాలో ఒక్క అర చాలు. మూడు మూటలు కట్టండి. కట్టుకునేవి ఒక మూట, బొంతకు పనికొచ్చే నూలువి ఒక మూట, పీలికలు ఒక మూట. ఎటూ తేలని చీరను పక్కన పెట్టి, మూణ్ణెల్ల తర్వాత మళ్ళీ చూడండి.

* పోయినవాళ్ళ వస్తువులు ఒక్కరే తీయకండి. ఇంటి ఆడబిడ్డలను, తోడికోడళ్ళను పిలవండి. నలుగురూ కలిసి తీస్తే మాట రాదు, మనసూ తేలికవుతుంది.

* బొంతకు పెట్టే చీరలను వేడినీళ్ళలో ఉతికి, రెండు రోజులు బాగా ఎండబెట్టండి. ఫాల్ విప్పేయండి. చిరిగిన చోటు పక్క పొరలో గట్టిగా ఉన్న చోటు మీదికి వచ్చేలా సర్దండి. మెత్తగా, మచ్చ లేకుండా ఉన్న భాగం పైకి ఉంచండి.

* నేల మీద పరిచి నాలుగు మూలలా బరువు పెట్టండి. ముడతలన్నీ మధ్య నుంచి అంచులకు తోసి, పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేయండి. అంచులు లోపలికి మడిచి చుట్టూ కుట్టాకే వరసలు మొదలుపెట్టండి.

* పోగు రెండు మూరలకు మించి తీసుకోవద్దు. పొడుగైతే చిక్కు పడుతుంది. ముడి పొరల మధ్యకు పోయేలా చూడండి, లేకపోతే పసిపిల్లల ఒంటికి గుచ్చుకుంటుంది.

* ఇంట్లో వాడే మిషన్ మీద ఆరు పొరలు తోయాలని చూడకండి. సూది విరుగుతుంది. చేతి కుట్టే నయం.

* అరగంటకోసారి లేచి నడుం సాగదీయండి. సాయంత్రం మసక వెలుతురులో కుట్టకండి. బొంత రేపైనా పూర్తవుతుంది, కళ్ళు మళ్ళీ రావు.

* బొంత తడిస్తే బరువెక్కుతుంది. మా చిన్నప్పుడు మూలవాగుకు మోసుకెళ్ళి ఇద్దరు చెరో పక్కా పట్టి పిండేవాళ్ళు. ఇప్పుడు అంత ఓపిక ఎవరికుంది? పైన నూలు గలీబు ఒకటి తొడిగితే సరి. గలీబు తరచూ ఉతుక్కోవచ్చు. బొంతను నెలకోసారి ఎండలో వేసి, ఏడాదికి రెండుసార్లు ఉతికితే చాలు.

* మీరు కుట్టకపోయినా ఫర్వాలేదు. ఎవరితోనైనా కుట్టిస్తే మాత్రం, ఎన్ని గంటలు పట్టిందని ఒక్కమాట అడగండి. అడిగాక ధర మాట్లాడండి.

మా పాప పదో తరగతి పాసయింది. సెలవుల్లో వచ్చి నా పక్కన కూర్చుని నాలుగు వరసలు కుట్టింది. కుట్లు వంకరటింకరగా వచ్చాయి. నేను విప్పలేదు, ఆ బొంతలో అలాగే ఉంచేశాను. "మరి నా నాలుగు వర్సలకు పైసలేవి?" అని అడిగింది. వరసకు ఇరవై నిమిషాల చొప్పున లెక్క కట్టి చేతిలో పెట్టాను. మీ ఇంట్లో బొంత ఉంటే ఒకసారి విప్పి చూడండి. దాన్ని కుట్టిందెవరు? ఆ చేతులకు ఎవరైనా, ఎప్పుడైనా ఒక్క రూపాయి ఇచ్చారా?